పెన్న ఒడ్డున పచ్చదనం పెరిగిందని పటం అంటోంది, పోయిందని ఊరు అంటోంది: తేల్చడం ఎలా?

ప్రశ్న: పామిడివాసి

నేను అనంతపురంలో భూగోళ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మిడ్ పెన్నార్ ఆనకట్ట దిగువ నుంచి పామిడి, తాడిపత్రి మీదుగా గండికోట జలాశయపు వెనుక జలాలు తగిలే చోటు వరకు, పెన్న ఏటి గర్భంలోనూ రెండు గట్ల మీదా ఉన్న చెట్టూచేమా ముప్ఫై ఏళ్లలో ఎలా మారాయో ఉపగ్రహ చిత్రాల నుంచి పటాలుగా తీయడం నా అంశం. ఇందుకోసం 1991 ఫిబ్రవరి నాటి ల్యాండ్‌శాట్ 5 చిత్రాన్నీ, 2021 ఫిబ్రవరి నాటి ల్యాండ్‌శాట్ 8 చిత్రాన్నీ తీసుకున్నాను. రెండింటిలోనూ ఎరుపు, సమీప పరారుణ బ్యాండ్ల నుంచి ఎన్‌డీవీఐ (పచ్చదనం ఎంతో చెప్పే సూచిక) లెక్కగట్టి, ఏటికి ఇరువైపులా అర కిలోమీటరు చొప్పున హద్దు గీసి, ఆ హద్దు లోపల సూచిక 0.3 దాటిన పిక్సెళ్లన్నిటినీ వృక్షసంపదగా పరిగణించాను. పరావర్తన విలువలు రాబట్టేటప్పుడు చిత్రంలోని అంకెలను 0.0000275తో గుణించి 0.2 తీసివేయాలన్న సంగతి తెలుసు గనుక, ఆ పని రెండు చిత్రాలకూ చేశాను.

వచ్చిన పటం ప్రకారం పచ్చదనం స్పష్టంగా పెరిగింది. గట్ల వెంబడే కాక, 1991 చిత్రంలో తెల్లని ఇసుకగా కనిపించిన ఏటి నడుమ భాగంలో కూడా 2021లో పచ్చని మచ్చలు దట్టంగా ఉన్నాయి. అయితే గట్టు మీది ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే ఈ మాటను ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. కానుగ తోపులు పోయాయనీ, ఏరుమద్ది చెట్లు ఇప్పుడు వెతికితే తప్ప కనబడవనీ, ఏట్లో నీళ్లే పారనప్పుడు పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందనీ నన్నే ఎదురు ప్రశ్న వేస్తున్నారు. పటం కొలత, జ్ఞాపకం కొలత కాదు, కాబట్టి పటాన్నే నమ్మమని తోటి పరిశోధకులు అంటున్నారు. నాకు మాత్రం అంతమంది ఒకే మాట చెబుతున్నప్పుడు దాన్ని పక్కన పెట్టడానికి మనసొప్పడం లేదు.

ముప్ఫై ఏళ్ల మార్పును చెప్పడానికి రెండు చిత్రాలు సరిపోతాయా? అర కిలోమీటరు హద్దు సరైనదేనా? కనబడుతున్న పచ్చదనంలో ఏటి చెట్టు ఎంత, చీనీ (బత్తాయి) తోట ఎంత, సర్కారు తుమ్మ కంప ఎంత అని విడదీసే మార్గం ఉందా? ఈ పని చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కందనవోలు పటాలు

పామిడివాసి గారికి, మీ పటమూ మీ ఊరి పెద్దలూ ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. వాళ్లు చెట్ల సంగతి చెబుతున్నారు, పటం ఆకుపచ్చ సంగతి చెబుతోంది. అయితే ఆ నిర్ణయానికి వచ్చే ముందు, మీకు కనిపించిన పెరుగుదలలో వాన వాటా ఎంతో తేల్చాలి.

2020లో రాయలసీమలో నైరుతి రుతుపవనాల వాన మామూలు కంటే చాలా ఎక్కువగా కురిసింది. మీరు ఎంచుకున్న 2021 ఫిబ్రవరి చిత్రం ఆ తడి ఆరకముందు తీసినది. దానికి రెండేళ్ల ముందటి 2018 కరువు సంవత్సరం. కాబట్టి 1991ని పక్కన పెట్టి, ముందుగా 2019 ఫిబ్రవరి చిత్రాన్నీ 2021 ఫిబ్రవరి చిత్రాన్నీ ఇదే పద్ధతిలో పోల్చి చూడండి. రెండేళ్లలో తోపులు ఎదగవు. అయినా మీ పటంలో పచ్చదనం గట్టిగా పెరిగినట్టు వచ్చిందంటే, ఆ పెరుగుదల చాలావరకు వాన చలవే అన్నమాట. ముప్ఫై ఏళ్ల తేడా ఈ రెండేళ్ల తేడా కంటే స్పష్టంగా పెద్దదైతేనే దాన్ని మార్పు అని పిలవడానికి వీలుంటుంది. నా ఉద్దేశంలో మన సీమ వంటి వర్షాభావ ప్రాంతంలో రెండు చిత్రాల తేడాతో తేల్చిన ఏ పటాన్నీ, అది ఎవరు గీసినా సరే, ఈ పరీక్ష లేకుండా నమ్మకూడదు.

రెండు చిత్రాలకు బదులు ఏడాదికొక విలువ చొప్పున వరుసను తయారు చేసుకోండి. ల్యాండ్‌శాట్ 5 చిత్రాలు 1984 నుంచి 2011 నవంబరు దాకా ఉన్నాయి. ల్యాండ్‌శాట్ 7 1999లో వచ్చింది గాని, 2003 మే చివర దానిలోని ఒక భాగం చెడిపోవడంతో అప్పటి నుంచి ప్రతి దృశ్యంలోనూ ఐదో వంతుకు పైగా చారలు చారలుగా ఖాళీ. ల్యాండ్‌శాట్ 8 2013లో, 9 2021లో మొదలయ్యాయి. అందువల్ల 2012కి మీకు దొరికేది చారల చిత్రమే. ఆ ఒక్క ఏడాదికి మన దేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా చిత్రాన్ని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ సుదూర గ్రాహక కేంద్రం) వారి భూనిధి వెబ్‌సైటు నుంచి తెచ్చుకొని కంటితో సరిచూసుకోవచ్చు. దాని పిక్సెల్ 23.5 మీటర్లు, బ్యాండ్ల వెడల్పులు వేరు కనుక ఆ విలువను మాత్రం వరుసలో కలపకండి. ప్రతి ఏటా ఏప్రిల్, మే నెలల చిత్రాలన్నీ తీసుకొని పిక్సెల్ వారీగా మధ్యగత విలువ పట్టుకుంటే, వేరుశనగ, వరి కోతలు అయిపోయి ఉంటాయి కనుక పంటల పచ్చదనం చాలావరకు తొలగిపోతుంది.

ఆ వరుసను వానతో సరిపోల్చాలి. చిర్ప్స్ వర్షపాత దత్తాంశం 1981 నుంచి సుమారు ఐదు కిలోమీటర్ల గళ్లలో ఉచితంగా దొరుకుతుంది. అంతకుముందు జూన్ నుంచి నవంబరు వరకు కురిసిన వానకూ వేసవి ఎన్‌డీవీఐకీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టి, వాన వల్ల రావలసినంత తీసివేశాక మిగిలినది ఏళ్లతో పాటు పెరుగుతోందా తరుగుతోందా అని చూడటం అందరూ అనుసరించే పద్ధతి. మీ ఏటికి మాత్రం ఇందులో ఒక చిక్కు ఉంది. పెన్నకు తన పరీవాహకంలోని వాన ఒకటే ఆధారం కాదు, తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు కూడా మిడ్ పెన్నార్‌కు చేరతాయి. పామిడిలో చినుకు పడకపోయినా పైనుంచి నీళ్లు వదిలిన ఏడాది గట్లు పచ్చబడతాయి. అందుచేత వానతో పాటు, ఆ ఏడాది ఏట్లో నీటి జాడ ఎంత వెడల్పున ఎన్ని చిత్రాల్లో కనిపించిందో కూడా ఆకుపచ్చ, స్వల్పతరంగ పరారుణ బ్యాండ్ల నుంచి వచ్చే నీటి సూచికతో లెక్కించి రెండో కారకంగా పెట్టుకోవడం మేలు.

ఇక చిన్నవిగా కనిపించి పెద్ద తేడా తెచ్చే సంగతులు. ల్యాండ్‌శాట్ 8లోని ఎరుపు, సమీప పరారుణ బ్యాండ్లు ల్యాండ్‌శాట్ 5 బ్యాండ్ల కంటే ఇరుకైనవి కావడంతో, ఒకే నేల మీద కూడా 8 ఇచ్చే ఎన్‌డీవీఐ స్వల్పంగా ఎక్కువ వస్తుంది. మీ గీత 0.3 దగ్గర ఉన్నది కనుక, 0.29 దగ్గర నిలిచిన పిక్సెళ్లు ఏ మార్పూ లేకుండానే గీత దాటిపోతాయి. రెండు సెన్సార్ల విలువలను సరిపుచ్చే గుణకాలు ప్రచురితమై ఉన్నాయి, వాటిని వాడండి. మున్ముందు ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కలుపుతారేమో, అక్కడ 2022 జనవరి 25 తర్వాతి చిత్రాల్లో ప్రతి విలువకూ 1000 కలిపి ఉంటుంది. సమీప పరారుణం 3000, ఎరుపు 1000 ఉన్న చోట సూచిక 0.5 రావాలి, ఆ వెయ్యి తీసివేయడం మరిచిపోతే 0.33 వస్తుంది, అంటే ఒక్క రోజులో పెన్న గట్టు ఎండిపోయినట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే ఏటి పని చేసేవారిని ఎక్కువగా దెబ్బతీసేది మేఘాల ముసుగు, అంటే మేఘం కప్పిన పిక్సెళ్లను గుర్తించి తీసివేసే పొర. ఎండిన ఏటి ఇసుక తెల్లగా మెరుస్తుంది, ఆ మెరుపును మేఘమని పొరబడే గుణం ఈ ముసుగులకు ఉంది. మీరు ముసుగు వేసిన ప్రతిసారీ ఖాళీ ఇసుక పిక్సెళ్లు రాలిపోయి, పచ్చని పిక్సెళ్లు మాత్రమే లెక్కలో మిగులుతాయి. ఏ పిక్సెల్‌కు ఏ ఏడాది ఎన్ని చిత్రాలు మిగిలాయో ఒక పటం గీసి చూడండి. ఆ పటంలో ఏటి ఆకారం స్పష్టంగా కనిపించిందంటే ముసుగు ఇసుకను తింటున్నదని అర్థం.

జవాబు: పాపాఘ్ని

నేను కడప వైపు ఒక కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను. కందనవోలు గారు చెప్పిన వాటిలో ఏప్రిల్, మే నెలల విషయాన్ని మాత్రం ఉన్నదున్నట్టు అంగీకరించలేను. పంటలను తప్పించడానికి వేసవి మంచిదే. కాని పామిడివాసి గారికి కావలసింది కానుగనూ కంపనూ విడదీయడం. కానుగ చలికాలం చివర ఆకు రాల్చి, వేసవి మొదట్లోనే లేత చిగురుతో నిండిపోతుంది. మే నెలలో పైనుంచి చూస్తే కానుగ తోపూ, ఏడాది పొడవునా పచ్చగా ఉండే సర్కారు తుమ్మ పొదా దాదాపు ఒకే సూచికతో కనిపిస్తాయి. తేడా తెలిసేది కానుగ బోడిగా ఉండే ఆ కొద్ది వారాల్లోనే. అందుకని ఫిబ్రవరి, మార్చి చిత్రాలను వేరుగా, ఏప్రిల్, మే చిత్రాలను వేరుగా ఉంచి, రెండింటి మధ్య వ్యత్యాసాన్ని ఒక బ్యాండులా వాడుకోవాలి. రెండు కాలాల్లోనూ పచ్చగా ఉంటే కంప గాని నీళ్లున్న చోటి జమ్ము గాని తోట గాని కావచ్చు. మొదట తగ్గి తర్వాత పెరిగితే ఆకు రాల్చే చెట్టు. మొదట పచ్చగా ఉండి తర్వాత మాడిపోతే అది తుంగ, గడ్డి, లేదా రబీ పంట.

ల్యాండ్‌శాట్‌కు పదహారు రోజులకొక చూపు కనుక ఆ ఇరుకైన కాలంలో పాత సంవత్సరాలకు చిత్రం దొరకకపోవచ్చు. అయితే సెంటినెల్-2 రెండు ఉపగ్రహాలూ పనిచేయడం మొదలైన 2017 నుంచి ఐదు రోజులకొక చిత్రం ఉంది. ఎరుపుకూ సమీప పరారుణానికీ నడుమ ఉండే ఎరుపు అంచు బ్యాండ్లు మూడు 20 మీటర్ల పిక్సెళ్లలో దొరుకుతాయి, ఆకులోని పత్రహరితం తేడాలను అవి ఎరుపు కంటే బాగా పట్టుకుంటాయి. ఇప్పటి చెట్ల రకాలను సెంటినెల్ మీద తేల్చి, పాత కాలానికి మాత్రం దట్టమైన చెట్లు, పలచని పొదలు, గడ్డి, ఇసుక, నీరు అన్న మోటు తరగతులతో సరిపెట్టుకోవడమే నిజాయితీ.

కంప సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ చెట్టును 1870లలో మద్రాసు అటవీ శాఖ వంటచెరకు కోసం నాటించిన తొలి చోట్లలో మా కమలాపురం ప్రాంతం ఒకటి. పాపాఘ్ని పెన్నలో కలిసే చోటుకు అది దగ్గర. ఏరు ఏటేటా పొంగినంత కాలం ఇసుక కదులుతూ ఉండేది, కదిలే ఇసుకలో మొలక నిలవదు. ఎగువన జలాశయాలు కట్టాక పొంగు తగ్గింది, ఇసుక స్థిరపడింది, పశువులు కాయలు తిని విత్తనాలను ఏటి నడుమకే చేర్చాయి. వేరు లోతుకు దిగే చెట్టు కాబట్టి పైన నీళ్లు పారకపోయినా దానికి లోటు లేదు. మీ పెద్దలు నీళ్లు లేనప్పుడు పచ్చదనం ఎక్కడిదని అడిగారు కదా, నీళ్లు పారకపోవడం వల్లనే ఆ పచ్చదనం అక్కడికి వచ్చిందని వారికి చెప్పవచ్చు.

దీన్ని మీ చిత్రాల మీదే పరీక్షించుకునే వీలుంది. 2021 నవంబరులో మన ఏళ్లన్నీ పొంగాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఆ నెల 19న తెగిపోయి దిగువన గట్లు, పొలాలు ఇసుక మేట వేశాయి. ఆ ఏటి మీద 2021 మార్చి, 2022 మార్చి సెంటినెల్ చిత్రాలను పక్కపక్కన పెడితే, ఏటి గర్భంలో స్థిరపడిన పొదలను ఒక పెద్ద వరద ఎంత మేర ఊడ్చుకుపోగలదో కళ్లకు కడుతుంది. అలాగే మీ పెన్న భాగంలో కూడా ఆ వరదకు ముందూ తర్వాతా చూసి, పోయిన పచ్చదనం మళ్లీ ఎన్నేళ్లకు ఎంత తిరిగి వచ్చిందో గుర్తించండి. త్వరగా తిరిగి వచ్చినదంతా కంపో జమ్మో అనుకోవచ్చు, ఏరుమద్ది అంత తొందరగా లేవదు.

మరో హెచ్చరిక. కంపను బొగ్గు కోసం నరుకుతారు. నరికిన మోడు ఏడాదీ రెండేళ్లలో మళ్లీ చిగిర్చి పొదవుతుంది. ఒక ఏడాది పచ్చదనం ఒక్కసారిగా పడిపోయి వెంటనే లేచిన చోట్లను వృక్షనష్టంగా రాసేయకండి, దగ్గర్లో బొగ్గు బట్టీ ఉన్నదేమో కనుక్కోండి.

పామిడివాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. 2019, 2021 ఫిబ్రవరి చిత్రాలను పోల్చి చూశాను. గట్ల మీది పెరుగుదలలో చాలా భాగం ఆ రెండేళ్ల పోలికలోనే వచ్చేస్తోంది. ఏటి నడుమ మచ్చలు మాత్రం 2019 కరువులోనూ అలాగే ఉన్నాయి, అంటే అవి వాన వల్ల వచ్చినవి కావు. ఇప్పుడు నాకు హద్దు విషయంలో అనుమానం ఎక్కువైంది. తాడిపత్రి ఎగువన అర కిలోమీటరు లోపల చీనీ, అరటి తోటలు చాలా ఉన్నాయి. ఇవి రెండు కాలాల్లోనూ పచ్చగా ఉంటాయి కనుక పాపాఘ్ని గారి పద్ధతిలో కంపతో కలిసిపోతున్నాయి. వీటిని ఎలా తప్పించాలి?

జవాబు: గొలుసుకొలత

భూముల కొలత శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. ఉపగ్రహ చిత్రాల లోతుపాతులు నాకు తెలియవు గాని, హద్దు అన్నప్పుడు మాట్లాడగలను.

ఏటికి ఇరువైపులా సమాన దూరంలో గీత గీయడం ఏ ఏటి విషయంలోనూ సరికాదు. ఏరు ఒక వైపు గట్టును కోస్తుంది, రెండో వైపు మేట వేస్తుంది. కోత వైపు అర కిలోమీటరు లోపలికి వెళితే మీరు నల్లరేగడి పొలాల్లో ఉంటారు, మేట వైపు అదే దూరంలో ఇంకా ఇసుకలోనే ఉంటారు. మీకు కావలసిన గీత రెవెన్యూ గ్రామ పటాల్లో ఇదివరకే ఉంది. ప్రతి గ్రామానికీ ఏటి పోరంబోకు హద్దు పటంలో గీసి ఉంటుంది, దాని విస్తీర్ణం రికార్డులో ఉంటుంది. ఆ హద్దు లోపల పట్టా తోటలు ఉండవలసినవి కావు. అక్కడక్కడ ఆక్రమించి సాగు చేసేవాళ్లు ఉంటారు, అది వేరే సంగతి. గ్రామ పటాలను నేల మీది స్థిరమైన గుర్తులకు సరిపెట్టి మీ కంప్యూటరులోకి ఎక్కించుకుంటే, పోరంబోకు లోపలి పచ్చదనం ఒక లెక్క, పట్టా భూముల్లోని పచ్చదనం ఇంకో లెక్క అవుతుంది. తోటల బెడద అక్కడికక్కడే సగానికి పైగా తీరిపోతుంది.

ఒక్క జాగ్రత్త అవసరం. ఈ పటాలు ఎప్పుడో కొలిచినవి, ఏరు ఆ తర్వాత జరిగి ఉండవచ్చు. పోరంబోకు గీత బయట ఇప్పుడు ఇసుక ఉన్న చోట్లూ, గీత లోపల ఇప్పుడు పొలమైన చోట్లూ కనిపిస్తాయి. అటువంటి ముక్కలను తీసివేయకుండా మూడో తరగతిగా ఉంచండి, ఎందుకంటే ఏరు ఎటు జరిగిందో చెప్పేవి అవే. సరిపెట్టేటప్పుడు సరిహద్దు రాళ్ల కోసం వెతికే శ్రమ పెట్టుకోవద్దు, సగం రాళ్లు ఉండవు. చెరువు కట్టల మూలలు, పాత గుళ్లు, రోడ్ల కూడళ్లు వాడుకోండి. తాడిపత్రిలో పెన్న గట్టు మీదే బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది, దానికంటే కదలని గుర్తు మీకు ఆ చుట్టుపక్కల దొరకదు.

తోటల గురించి ఇంకొక మాట. చీనీ చెట్లను వరుసలు తీర్చి నాటుతారు, చేను గట్లు తిన్నగా ఉంటాయి. కంప పొదకు మూలలు ఉండవు. మీరు వాడే చిత్రంలో ఇది తెలియకపోతే, గూగుల్ ఎర్త్‌లో చూసినా తెలిసిపోతుంది.

జవాబు: కందనవోలు పటాలు

గొలుసుకొలత గారి సూచన బంగారం వంటిది. గ్రామ పటాలు దొరకని చోట, ఏటి అడుగు నుంచి ఎత్తు ఎంత అన్న దాన్ని బట్టి హద్దు గీయవచ్చు. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల దత్తాంశం మీద ఏటి మట్టం నుంచి కొన్ని మీటర్ల లోపు ఉన్న నేలను తీసుకుంటే, వరద తాకే భాగం సుమారుగా వస్తుంది. మీ భాగంలో నేల చదునైనది కాబట్టి పోరంబోకు గీత అంత నమ్మకంగా మాత్రం ఉండదు.

పిక్సెల్ పరిమాణం గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. ల్యాండ్‌శాట్ పిక్సెల్ ఒకటి 900 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఇరవై రెండు సెంట్లు. గట్టు వెంబడి ఒకే వరుసగా నిలిచిన కానుగలు పది పదిహేను మీటర్ల వెడల్పు కూడా ఉండవు. ఆ పిక్సెల్‌లో సగం ఇసుక, సగం చెట్టు కలిసి 0.2 చిల్లర సూచిక వస్తుంది, మీ 0.3 గీత దాన్ని ఎన్నడూ చెట్టుగా గుర్తించదు. అంటే పెద్దలు చెప్పే కానుగ వరుసలు 1991లో ఉన్నా మీ పటంలో లేవు, కాబట్టి పోయినట్టు కూడా కనబడవు. ఏటి నడుమ ఎకరాల కొద్దీ అల్లుకున్న కంప మాత్రం చక్కగా పట్టుబడుతుంది. మీ పటంలోని వైరుధ్యానికి ఇది పెద్ద కారణమని నా అనుమానం. దానికి తోడు ఒక చిత్రం మరొక చిత్రం మీద పన్నెండు మీటర్ల మేర తప్పుగా కూర్చున్నా ల్యాండ్‌శాట్ ప్రమాణాల ప్రకారం అది మొదటి శ్రేణిలోనే ఉంటుంది. సన్నని పట్టీల మీద అంత జరుగుబాటు చాలు, లేని మార్పు పుట్టుకొస్తుంది. ఒక్క 0.3 గీతకు బదులు ప్రతి పిక్సెల్‌లో ఇసుక ఎంత పాలు, చెట్టు ఎంత పాలు అని విడదీసే పద్ధతి వాడితే కొంత నయం.

పెద్దల మాటను నేరుగా పరీక్షించాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. అమెరికా 1960 నుంచి 1972 దాకా నడిపిన కరోనా నిఘా ఉపగ్రహాల ఫొటోలు 1995లో బహిరంగమయ్యాయి. చివరి కాలపు కెమెరాలు రెండు మీటర్ల లోపు వివరం పట్టుకునేవి. నలుపు తెలుపు ఫొటోలు కనుక ఎన్‌డీవీఐ రాదు, కాని విడి చెట్ల గుబుర్లు, వాటి నీడలు కంటికి కనిపిస్తాయి. అమెరికా భూగర్భ సర్వే వారి ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్‌లో మీ ఏటి మీద గీత గీసి వెతకండి. ఎవరో ఇదివరకే స్కాన్ చేయించిన దృశ్యమైతే ఉచితంగా దిగుతుంది. ఆ ఫొటోలు అంచుల దగ్గర బాగా సాగి ఉంటాయి, కాబట్టి గుర్తులు ఎక్కువగా పెట్టి సరిపుచ్చాలి. గట్టు వెంబడి కొన్ని ముక్కలు ఎంచుకొని, అప్పటి గుబుర్లను చేత్తో గుర్తించి, ఇప్పటి గూగుల్ ఎర్త్ దృశ్యంలో అదే ముక్కను గుర్తిస్తే, తోపులు పోయాయా లేదా అన్నదానికి సూచికలు అక్కరలేని జవాబు వస్తుంది. నా మట్టుకు నేను మీ సిద్ధాంత గ్రంథంలో దీన్నే ముందు అధ్యాయం చేస్తాను.

చివరగా విస్తీర్ణం లెక్క. పటంలోని పిక్సెళ్లు లెక్కపెట్టి ఇన్ని హెక్టార్లు మారాయని రాయకండి. ఉదాహరణకు హద్దు లోపల 10,000 హెక్టార్లు ఉండి, అందులో నిజంగా మారినది 200 హెక్టార్లే అనుకుందాం. మారని 9,800లో రెండు శాతాన్ని మీ పద్ధతి మారినట్టు పొరబడితే మరో 196 హెక్టార్లు చేరతాయి, లెక్క దాదాపు రెట్టింపు అవుతుంది. అయినా మొత్తం ఖచ్చితత్వం 98 శాతమని గొప్పగా చెప్పుకోవచ్చు! మారిన తరగతి, మారని తరగతి, రెండింటి సరిహద్దు పట్టీ, ఇలా వేరువేరుగా యాదృచ్ఛికంగా బిందువులు ఎంచి, ఒక్కొక్క దాన్నీ పెద్ద వివరం ఉన్న చిత్రంలోనో నేల మీదో చూసి, ఆ తప్పుల నిష్పత్తితో విస్తీర్ణాన్ని సవరించి, అటూ ఇటూ ఎంత ఊగవచ్చో దానితో పాటు రాయాలి.

జవాబు: పాపాఘ్ని

నేల మీద చూడటానికి వెళ్లేటప్పుడు ఫిబ్రవరి చివర వెళ్లండి, కానుగ బోడిగా, కంప పచ్చగా ఉన్న తేడా అప్పుడే తెలుస్తుంది. ఫోనులోని జీపీఎస్ ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కనుక, పొద అంచున నిలబడి బిందువు పెట్టకండి. కనీసం ముప్ఫై మీటర్ల మేర ఒకే రకం మొక్క ఉన్న చోటు నడుమకు వెళ్లి నాలుగు దిక్కులా ఫొటో తీసుకోండి. కంపలో నడుమకు వెళ్లడం కుదరని పని, అక్కడ మాత్రం గట్టు మీద నిలబడి దూరాన్ని అంచనా వేసి రాసుకోవలసిందే. ఇసుక తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచి జమ్ము పెరిగి ఉంటుంది. చిత్రంలో అది కంపలా కనిపించినా నీటి సూచిక దాన్ని పట్టిస్తుంది, కాబట్టి ఆ గుంతలను తప్పక నమోదు చేయండి.

పామిడివాసి

గ్రామ పటాల కోసం ప్రయత్నం మొదలుపెడతాను, కరోనా ఫొటోలు కూడా వెతుకుతాను. ఒక్క సందేహం మిగిలింది. గండికోట వెనుక జలాలు మొదలయ్యే చోటు ఏడాదికొక తీరుగా జరుగుతోంది. నా అధ్యయన భాగాన్ని దిగువన ఎక్కడ ఆపాలి?

జవాబు: కందనవోలు పటాలు

యూరోపియన్ కమిషన్ పరిశోధనా కేంద్రం వారు 1984 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలతో తయారు చేసిన ప్రపంచ ఉపరితల జలాల పటంలో, నీరు ఎన్నడైనా తాకిన గరిష్ఠ విస్తీర్ణం ఒక పొరగా ఉంటుంది. గండికోట వైపు జలాశయపు నీరు పైకి వచ్చిన గరిష్ఠ గీతను దానిలో పట్టుకొని, ఆ పటం ముగిసిన తర్వాతి ఏళ్లకు సెంటినెల్ చిత్రాలతో పొడిగించండి. ఏరు పారినప్పటి నీరు కూడా ఆ పొరలో కలిసే ఉంటుంది, కనుక నీరు ఏడాదిలో ఎన్ని నెలలు నిలిచిందో చెప్పే పొరతో కలిపి చూస్తే జలాశయం ఏదో ఏరు ఏదో తేలుతుంది. ఆ గరిష్ఠ గీతకు ఎగువన మరో కిలోమీటరు కూడా వదిలేసి మీ అధ్యయన భాగాన్ని ముగించండి. మట్టం దిగినప్పుడు తేలే ఒండ్రులో గడ్డి విపరీతంగా మొలుస్తుంది, మట్టం పెరిగినప్పుడు మునిగిపోతుంది. అది లెక్కలో కలిసిందంటే ఏటి గట్టు మార్పుకు బదులు జలాశయపు తలుపులు ఎప్పుడు ఎత్తారో ఎప్పుడు దించారో మీ పటం చూపిస్తుంది.